గడప పోయిన పిదప



ఈ పర్యాయము పాఠమును మన వాడనుండియే యెత్తుకొనుచున్నాము. 2023 జూలై 27వ తేదీన వరంగల్లు పల్లపు కాలనీలలోని జనులు కోడికూతకు ముందే నీటి చప్పుడునకు మేల్కొనిరి. అంతకు ముందటి యిరువదినాలుగు గంటలలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలమందలి లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినట్లు లెక్కకు వచ్చినది. తెలంగాణమున ఒక్క దినములో అంతటి వర్షము అంతకు ముందు నమోదు కాలేదు. భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని మోరంచవాగు చుట్టుముట్టగా జనులు మిద్దెల మీదికిని చెట్ల మీదికిని ఎక్కి ప్రాణములు దక్కించుకొనిరి. ఆకాశమార్గమున హెలికాప్టర్లు రావలసివచ్చెను. రెండు దినములు గడచి 29వ తేదీన కాకతీయుల నాటి భద్రకాళి చెరువు కట్ట పోతననగర్ వైపున తెగినది. కాశిబుగ్గకు చేరువనున్న ఎన్.టి.ఆర్. నగర్, ఎస్.ఆర్. నగర్, సాయిగణేష్ కాలనీల మాట వేరుగ చెప్పనక్కరలేదు. 2020 ఆగస్టులోను ఇట్లే మునిగినవారు మూడేండ్లు తిరుగకముందే మరల మునిగిరి.

కాశిబుగ్గ యనగా శ్రీకాకుళపు కాశీబుగ్గ గాదు, మన ఓరుగల్లు కాశిబుగ్గ. బుగ్గ యనగా ఊట. ఊట పేరు పెట్టుకొన్న వాడకు నీరు వచ్చినదని వింతపడుట మన మరుపునకు గుర్తే గాని వేరొండు గాదు. ఆ సంగతి ముందు చూతము.

ఆ దినములలో అన్నపు పొట్లములతోను దుప్పట్లతోను తిరిగినవారిలో నేనును ఒకడను. అపుడు మా నోటినుండి వెలువడిన మాటయే ఈ పాఠమునకు మూలము. కూలిన గోడ ముందు నిలుచున్న ఇల్లాలితో మేమందరము ఒక్కటే మాట చెప్పితిమి: "పోయినది మట్టియే గదా తల్లీ, ప్రాణములు దక్కినవి, శివుడు మేలు చేసినాడు." ఆమె తల యూపినది. ఇంకొక యింటి ముందు అదే మాట. అక్కడి గృహస్థు ఏమియు ననలేదు. సాయంకాలము ఇంటికి వచ్చి, ఆరిన నేలమీద కూర్చుండి వేడి యన్నము తినుచుండగా నాకు సిగ్గు కలిగినది. పోయినది మట్టి యని చెప్పు హక్కు ఎవరికి కలదు? మట్టి పోయినవానికి కలదు. పొడిబట్టలతో వచ్చినవానికి కలదా?

ఇంటిలో ఏముండునో ఒకసారి తలపోయుడు. మన యిండ్లలోని స్టీలు బిందెలమీదను గిన్నెలమీదను పెండ్లినాడు ఇచ్చినవారి పేరును తేదీని చెక్కించుట వాడుక. మేనమామ యిచ్చిన బిందె, పుట్టినింటివారు పెట్టిన పళ్లెము, గృహప్రవేశమునాడు ఇరుగుపొరుగు తెచ్చిన చెంబు. వాటిలో అనేకులు ఇపుడు లేరు. పేరు మాత్రము ఆ పాత్ర మీద మిగిలియున్నది. అట్టి పాత్రలు వాగులో కొట్టుకొనిపోయినపుడు ఇల్లాలు ఏడ్చుట లోహము కొరకు గాదు. గోడకు తగిలించిన అత్తమామల ఛాయాచిత్రము తడిసి ముఖము కరగిపోయినపుడు ఆ యింటివారికి వారు రెండవసారి మరణించినట్లగును. దేవుని గూడు, అటక మీది విత్తనపు మూట, పిల్లల బడి పుస్తకములు, పట్టా కాగితములు, కూతురి పెండ్లికని దాచిన పది తులముల వెండి — ఇవన్నియు గలిసినది ఇల్లు. దీనిని మట్టి యనుట తత్త్వము తెలిసినవాని మాటవలె వినబడును గాని వినుటకు అనుకూలము గాదు.

ఈ సందర్భమున జేడర దాసిమయ్య కథ మరల చదువుకొనదగును. ఆయన బసవేశ్వరునికంటె ముందటివాడు, సాలెవృత్తి చేసిన వచనకారుడు. మన ప్రాంతపు పాలకుర్తివాడైన సోమనాథుడు బసవపురాణములో ఆయన కథను చెప్పియున్నాడు. దాసిమయ్య యేండ్ల తరబడి నేసి ఒక దివ్యమైన వస్త్రమును సిద్ధము చేసెను. దానిని కొనగలవారు సంతలో కనబడలేదు. తిరిగివచ్చు దారిలో వృద్ధజంగముడొకడు దానిని అడుగగా ఇచ్చివేసెను. ఆ జంగముడు చూచుచుండగనే దానిని ముక్కలు ముక్కలుగా చింపి ఒంటికి చుట్టుకొనెను. దాసిమయ్య కోపింపలేదు, కలతపడలేదు. ఆ జంగముడే శివుడు. ఈ కథను మన మఠములలో వైరాగ్యమునకు ఉదాహరణముగా చెప్పుదురు. యేండ్ల శ్రమ చిరిగిపోయినను చలింపని మనస్సు అని.

సరియే. కాని రెండు సంగతులను మనము జారవిడుచుచున్నాము.

మొదటిది: దాసిమయ్య వస్త్రమును తానే యిచ్చెను. చేయి చాపి యిచ్చినది వేరు, అర్ధరాత్రి తలుపు తోసికొని వచ్చి వాగు తీసికొనినది వేరు. దానము చేసినవానికి దుఃఖము లేకుండుట సహజము. నష్టపోయినవానికి దుఃఖముండుటయు సహజమే. రెండవవానిని మొదటివాని కొలతతో కొలిచి "నీకు భక్తి చాలలేదు" అనునట్లు మాటలాడుట అన్యాయము. వైరాగ్యము ఎవరికి వారు తమ మీద వేసికొను భారము. ఇతరుల నెత్తిన పెట్టుటకు అది పనికిరాదు.

రెండవది నాకు ఆ వరదనాటి వరకు తోచలేదు. కథ చివర శివుడు దాసిమయ్యకు ఏమి యిచ్చెను? తవనిధి యిచ్చెను. తవనిధి యనగా తరుగని ధాన్యము. వస్త్రము పోయిన యింటికి, దుగ్గళవ్వ పొయ్యి రాజవేయవలసిన యింటికి, శివుడు ఉపదేశము పంపలేదు. బియ్యము పంపెను. దాసిమయ్య చలింపని మనస్సును అంతగా పొగడు మనము ఈ బియ్యపు సంగతిని ఎందులకు మరచితిమో తెలియకున్నది.

కాశిబుగ్గకు దాపుననే కొత్తవాడ యున్నది. అక్కడ నేయు వరంగల్లు జంపకానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. దాసిమయ్య పని చేసినట్లే అక్కడను మగ్గము ఇంటిలోనే యుండును. గుంటమగ్గమైనచో నేతగాడు కాళ్లు పెట్టుకొను గుంత నేలలోనే యుండును గనుక వాడలో మోకాలిలోతు నీరు వచ్చినపుడు గుంత మొట్టమొదట నిండును. నూలు తడియును, రంగు దిగును, పలక ఉబ్బును. అనగా అట్టి గృహస్థునకు ఇల్లును కాయకమును ఒకే రాత్రి పోవును. ఉద్యోగస్థునకు ఇల్లు మునిగినను నెల తిరిగినంతనే జీతము వచ్చును. ఈ భేదమును సహాయము చేయువారు గుర్తింపవలెను. ఒక నేతగాడు నాతో అనినది: "ముందుగాల మగ్గం గుంతల నీళ్లు ఎత్తిపోస్త. ఇంటి సంగతి అటెన్క." నేను మొదట ఇది మొండితన మనుకొంటిని. తరువాత తెలిసినది, ఇల్లు మరల కట్టు శక్తి ఆ గుంతలోనుండియే రావలెను. బసవేశ్వరుడు కాయకమునకు ఇచ్చిన స్థానమునకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానము నేను వినలేదు.

ప్రభుత్వపు సహాయమునకు కొలతలున్నవి. 2022 నుండి 2026 వరకు అమలునకు ఏర్పరచిన విపత్తు సహాయ నియమముల ప్రకారము మైదాన ప్రాంతములో పూర్తిగా కూలిన యింటికి 1,20,000 రూపాయలు, గుడిసెకు 8,000, కొంతమేర దెబ్బతిన్న పక్కా యింటికి 6,500, కచ్చా యింటికి 4,000 ఉండెను. బట్టలకు కుటుంబమునకు 2,500, పాత్రలకు 2,500. చేతివృత్తివారికి చెడిన పనిముట్లకు 5,000, ముడిసరుకునకు 5,000. బట్టల, పాత్రల సహాయమునకు ఇల్లు కొట్టుకొనిపోయినను కూలినను సరే, లేనిచో రెండు దినములకు మించి నీట మునిగియుండవలసియుండెను. మన కాలనీలలో నీరు అనేకపర్యాయములు ఒక పగలు ఒక రాత్రి నిలిచి తీయును. బియ్యము, పరుపు, నూలు చెడుటకు ఆరు గంటలు చాలును. లెక్కకును అనుభవమునకును నడుమ ఈ యెడము ఎల్లపుడు నుండును. ఆ యెడములో నిలువవలసినవారు ఇరుగుపొరుగువారు, మఠములు.

కాగితముల విషయము క్లుప్తముగా చెప్పెదను. శుభ్రము చేయకముందే చెడిన గదులను, వస్తువులను చిత్రములు తీయించి యుంచుకొనవలెను. పంచనామాకు వచ్చినవారు వ్రాసినదానిని చదివించుకొని గాని సంతకము చేయరాదు. తడిసిన నోట్లను ఒక్కొక్కటిగా నీడన ఆరబెట్టి బ్యాంకులో మార్చుకొనవచ్చును. నీరు తీసినదని వెంటనే మట్టిగోడల యింటిలోనికి పోరాదు. నీరు నిలిచియున్నంతసేపు నిలబడిన గోడ, నీరు తీసిన పిదప ఎండ తగిలిన తరువాత కూలుట మన పెద్దలెరిగిన సంగతియే.

ఇక పుచ్చుకొనుట. ఇచ్చుటను గూర్చి మన పాఠములలో ఎంతయో చెప్పుకొంటిమి. పుచ్చుకొనుట నేర్పినవారు తక్కువ. నిన్నటి వరకు పండుగనాడు పదిమందికి వడ్డించిన యిల్లాలు నేడు పాఠశాల వరండాలో పళ్లెము పట్టుకొని వరుసలో నిలువవలెను. ఆమె పిల్లలకు పెట్టించి తాను తినకుండ లేచిపోవుట నేను చూచితిని. దాసోహములో ఇచ్చువాడు దాసుడు, పుచ్చుకొనువాడు గాదు. ఈ ఒక్క సూత్రమును మనసునకు పట్టించుకొన్నచో అనేక సంగతులు వాటంతట నవియే సరియగును: పొట్లము ఇచ్చుచు ఛాయాచిత్రము తీయింపము, పేర్లు పెద్దగా పిలువము, చిరిగిన పాతబట్టలు వదిలించుకొనుటకు ఇదియే అదనని మూటగట్టి పంపము, "ఏమి కావలెను?" అని ముందుగా అడుగుదుము. అడుగగా ఒక యింటివారు కోరినది తాళము. కూలక మిగిలిన ఒక గదికి వేయుటకు తాళము. మేము తెచ్చిన పదునెనిమిది రకముల వస్తువులలో అది లేదు.

మన సంప్రదాయములో ఇల్లు విడిచిన మహాఘట్టము ఒకటి యున్నది. పండ్రెండవ శతాబ్దమున, 1167-68 ప్రాంతమున, బిజ్జలుని వధానంతరము శరణులు కల్యాణమును వీడిరి. వేలమందికి అన్నము పెట్టిన మహామనె ఖాళీ యయ్యెను. చెన్నబసవణ్ణ మొదలగువారు ఉళవి దారి పట్టిరని పెద్దలు చెప్పుదురు. ఆ ప్రయాణములో వారు మోసికొనిపోయినవి వచనముల తాళపత్రములు. ఇష్టలింగము ఎట్లును ఎదమీదనే యుండెను. ఈ ఘట్టమును చెప్పునపుడు మనము వీరత్వమును చెప్పుదుము గాని వారు గుంపులుగా నడచిరను సంగతిని తేలికగా దాటివేయుదుము. ఇల్లు పోయినవానికి తోడు మాత్రము మిగిలినచో సగము ఇల్లు మిగిలినట్లే. బంధువులు తలా ఒకరిని తీసికొనిపోయి, తల్లి ఒక ఊరిలో, తండ్రి ఒక ఊరిలో, పిల్లలు హాస్టలులో నగుట మేలు చేసినట్లు కనబడును. కుటుంబము ఒక గదిలోనైనను ఒక్కచోట నుండుటయే శ్రేయస్కరమని నా యభిప్రాయము.

ఒక్కచోట నుండుట యనునది ఊరికిని వర్తించును. 1993 సెప్టెంబరు 30న, గణేశ నిమజ్జనము ముగిసిన రాత్రి తెల్లవారుజామున, మరాఠ్వాడాలోని లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతము కంపించినది. ఇంచుమించు ఎనిమిది వేల ప్రాణములు, లేదా అంతకు మించి, పోయినవని అంచనా. ఆ ప్రాంతమున మన లింగాయత కుటుంబములు మెండు. మట్టితో పేర్చిన బరువైన రాతిగోడలు నిద్రించువారి మీద పడినవి. పిమ్మట యాబదిరెండు గ్రామములను కొత్తచోట్లకు తరలించి కట్టించిరి. వెడల్పైన వీధులు, వరుసలు తీర్చిన యిండ్లు. ఇండ్లు గట్టివే. అయినను పాత సందులలో ఎదురెదురు గడపల మీద కూర్చుండి మాటలాడిన స్త్రీలకు కొత్త ఊరిలో పొరుగు దూరమైనది, రైతునకు పొలము దూరమైనది. తమ పాతచోటనే తమ చేతులతో మరమ్మతు చేసికొన్న గ్రామములవారు ఎక్కువ తృప్తి చెందిరని అక్కడి అనుభవము చెప్పుచున్నది.

ఇంతకంటె మనకు దగ్గరి దృష్టాంతము శ్రీశైలము ప్రాజెక్టు. 1981లో ఆ జలాశయము క్రింద నూటికి మించిన గ్రామములు పోయినవి, లక్షకు పైబడిన జనము కదలవలసివచ్చినది. కూడవెల్లి సంగమేశ్వరాలయమును మాత్రము రాతికి రాతిగా విప్పి, అంకెలు వేసి, ఆలంపురమునకు తెచ్చి మరల నిలిపిరి. ఆ పనిని నేను తప్పుపట్టుట లేదు, అది ఘనమైన పని. కాని ఆలంపురమునకు పోయి ఆ గుడిని చూచినప్పుడెల్ల ఒక ఊహ కలుగును: ఆ గుడి చుట్టునున్న యిండ్ల రాళ్లకు ఎవరైన అంకెలు వేసిరా? ఎవరి యింటి పక్కన ఎవరి యిల్లుండెనో వ్రాసికొనిరా? దేహమే దేవాలయమని నమ్మిన శరణుల వారసులము ఈ ప్రశ్న అడుగకున్నచో ఎవరడుగుదురు?

దుఃఖము మాట చెప్పితిమి. కోపము మాట మిగిలినది. ఇల్లు పోయినవానికి కోపము వచ్చును, రావలెను. "అంతయు పూర్వకర్మ" అని ఆ కోపమును చల్లార్చుటకు మన వారిలో కొందరు ప్రయత్నించుట విచారకరము. కాకతీయులు ఈ నేలకు గొలుసుకట్టు చెరువులను ఇచ్చిరి. పై చెరువు నిండి అలుగు దూకి క్రింది చెరువునకు, అక్కడినుండి వాగునకు. నీరు పోవు దారి నీటికి విడిచిరి. ఆ దారుల మీద ప్లాట్లు గీసినవారు, కొన్నవారు, అనుమతులిచ్చినవారు, చూచి యూరకున్నవారు మనుష్యులు. 2020 వరదల తరువాత నాలాల మీది కట్టడములను తొలగింపవలెనని నిర్ణయించిరి. అంతట ఇంకొక చిక్కు పుట్టినది: ఒకని యిల్లు మునుగకుండుటకు ఇంకొకని యిల్లు కూల్చవలసివచ్చినది. ఆ రెండవవాడు కూలి డబ్బు కూడబెట్టి, తెలియక, ఎవడో చూపిన కాగితము నమ్మి కొన్నవాడైనచో వాని దుఃఖము వాగు కూల్చిన యింటివాని దుఃఖముకంటె తక్కువదా? వాగు తీసికొన్నవానిని చూడ పదిమంది వత్తురు. యంత్రము కూల్చినవానిని "ఆక్రమణదారు" అందురు, గడపకు ఒక్కడు రాడు. న్యాయమును నిర్ణయించుట అధికారుల పని. అన్నము పెట్టుటకు మనకు ఆ నిర్ణయముతో పనిలేదు.

ఇంకొక సంగతి పెద్దలు చెప్పుకొనరు. వరద తీసిన తరువాత నెలలు గడచినను చినుకు చప్పుడునకు లేచి కూర్చుండువారున్నారు. పిల్లలు మేఘము పట్టినంతనే పుస్తకముల సంచి మంచముపై పెట్టుదురు. పురుషులు కొందరు మాటలు మానివేసిరి, కొందరు కల్లు దుకాణము పట్టిరి. ఇది భక్తిలోపము గాదు, పిరికితనము గాదు. దెబ్బ తగిలిన కాలు కుంటినట్లు దెబ్బ తగిలిన మనస్సు కుంటును. అనేకులకు కొన్ని నెలలలో, తోడును పనియు నున్నచో, అది సర్దుకొనును. సర్దుకొననివారిని వైద్యునికి చూపవలెను. 2022 అక్టోబరులో ఆరంభమైన ప్రభుత్వ టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును, రుసుము లేదు. ఈ సంఖ్యను మఠముల ప్రకటన ఫలకముల మీద వ్రాయించిన బాగుండును. సంకోచింపనక్కరలేదు.

మఠములకు నా విన్నపము కొలదియే. వానకాలము రాకముందే ఒక గదిలో చాపలు, దుప్పట్లు, పెద్ద వంటపాత్రలు, క్లోరిన్ బిళ్లలు, కొవ్వొత్తులు, కొన్ని తాళములు సిద్ధముగా నుంచుడు. వచ్చినవాని కులము అడుగవద్దని వేరుగ చెప్పను, బసవేశ్వరుని పటము క్రింద కూర్చుండి అడుగుట ఎవరికిని సాధ్యము గాదు. రెండవ వారమునకు రండు. మొదటి వారము అందరును వత్తురు, రెండవ వారమునకు వీధి ఖాళీ యగును, అప్పుడే బురద ఎండి కష్టము మొదలగును.

ఆ రెండవ వారములో ఒక ఉదయము నేను పల్లపు వీధిలో పోవుచుండగా ఒక వృద్ధురాలు కనబడినది. ఆమె యిల్లు వెనుకగోడతో సహా కూలి మట్టిదిబ్బ యైనది. వీధివైపు ద్వారబంధము మాత్రము నిలిచియున్నది, తలుపు లేదు, వెనుక ఏమియు లేదు. పాఠశాలలోని శిబిరమునుండి ఆమె చీకటితోనే నడచివచ్చి, ఆ గడప ముందర ఊడ్చి, సాన్పి చల్లి, చిన్న ముగ్గు పెట్టుచున్నది. నేను నిలిచిపోవుట చూచి తానే పలుకరించినది: "ఇల్లు కూలితె కూలింది బిడ్డా, గడప ఉన్నది గద. తెల్లారి సాన్పి చల్లకపోతె నాకు మనసొప్పది." లోపలికి రమ్మని పిలువబోయి, లోపల లేదని గుర్తు తెచ్చుకొని నవ్వినది. నేను ఆమెతో ఏమియు చెప్పలేదు. చెప్పుటకు నా యొద్ద ఏమియు లేకుండెను. చీపురు పక్కన కూర్చుంటిని, ఆమె తన కోడలికి పుట్టింటివారు పెట్టిన బిందె ఏ వాగులో ఏ ఊరివరకు పోయియుండునో చాలసేపు చెప్పినది.

మరుసటి యేడు ఆమె కుమారుడు అదే స్థలములో రెండడుగుల ఎత్తు పునాది మీద రెండు గదులు వేసికొనినాడు. ద్వారబంధము కొత్తది, ఇనుపది. పాత గడప మ్రానును మాత్రము కోయించి వంటగది వాకిటికి బిగించుకొనిరి.